నరసాపురం – సఖినేటిపల్లి పంటు: పాటదారు మారితే ఏం మారుతుంది?

వశిష్ఠ గోదావరి దాటడానికి చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరగడం కన్నా ఈ పంటే (వాహనాలను దాటించే పెద్ద పడవ) దగ్గర దారి. బైకులు, ఆటోలు, కార్లు ఎక్కుతాయి. పనికొచ్చే సర్వీసే, కానీ దాని బాగోగులు వేలంలో రేవు పాడుకున్నవాళ్ల, అంటే పాటదారుల చేతిలో ఉంటాయి.

కొత్త పాటదారు రాగానే రంగు పడుతుంది, రేట్ల బోర్డు మారుతుంది. అడుగు రేకు మాత్రం అదే! పాట గడువు తక్కువ కాబట్టి, పంటును ఒడ్డుకు లాగి తుప్పు గీకించే ఖర్చు తర్వాతివాడికి వదిలేస్తారు. ఇక్కడికి సముద్రపు పోటు వస్తుంది. ఉప్పునీటికి ముందు పోయేవి అతుకులే. అడుగున ఊరిన నీటిని ఎంత తరచుగా తోడుతున్నారో గమనిస్తే పంటు వయసు తెలిసిపోతుంది.

పాటు సమయంలో, అంటే నీరు తీసినప్పుడు, మేట తగిలి పంటు ఒడ్డుకు దూరంగా ఆగుతుంది. ఎక్కే పలకలు వాలుగా పడతాయి, అడుగు కింద తగిలే కార్లు పోటు వేళకే రావడం మేలు. ఎక్కాక హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో ఉంచండి. బరువంతా ఒకే పక్క ఎక్కిస్తుంటే తర్వాతి ట్రిప్పు చూసుకోండి. భీష్మ ఏకాదశికి అంతర్వేది వెళ్లే జనం కమ్మేస్తారు, ఆ రోజు కారుకు చించినాడే నయం.

లైఫ్ జాకెట్లు మూటగట్టి ఉంటే విప్పమని అడగండి.