కోరంగి మడ అడవుల్లో కొన్ని నానీలు (నాలుగు పాదాల చిట్టి కవితలు)

కోరంగికి వెళ్లేవాళ్లు గడియారం కన్నా ముందు తిథి చూసుకోవాలి. ఇక్కడ ఏది కనిపించాలన్నా సముద్రపు పోటూ పాటూ తేల్చాల్సిందే. పాటు వేళ నీళ్లు వెనక్కి తీస్తే వేళ్లూ పీతలూ బయటపడతాయి. పడవ ఎక్కాలంటే పోటు రావాలి. రెండూ ఒకే పూట కుదరాలనుకుంటే హడావుడి తప్ప విశ్రాంతి మిగలదు.

కాకినాడ నుంచి యానాం రోడ్డులో సుమారు 20 కిలోమీటర్లు. యానాం వెళ్లే ఆర్టీసీ బస్సు ఎక్కితే రోడ్డు మీదే దిగొచ్చు, సొంత కారు అక్కర్లేదు. గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న ఈ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. మనం నడిచేది మాత్రం అందులో ఒక మూల, మడచెట్ల మధ్య వేసిన చెక్కబాట మీద.

నా లెక్కన డబ్బుకీ ప్రయాణానికీ న్యాయం చేసేది ఆ బాటే. తెల్లమడ చుట్టూ బురదలోంచి వేళ్లు మేకుల్లా నిలబడి ఉంటాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు ఊపిరి వాటితోనే పీలుస్తుంది.

ఊపిరి కోసం
వేళ్లే పైకొచ్చాయి
మనమేమో
అడవికొచ్చాం

తిల్ల చెట్టు కనిపిస్తే కొమ్మ తుంచకండి. దాని పాలు కంట్లో పడితే ప్రమాదం. పిల్లలుంటే ఈ మాట ముందే చెప్పాలి. వాళ్లకు ఎలాగూ చెట్ల కన్నా పీతలే ఇష్టం, నాకూ అంతే.

ఎర్ర డెక్క ఎత్తి
పీత పిలిచింది
కదిలానో లేదో
తలుపేసుకుంది

బావురుపిల్లీ నీటికుక్కా ఉన్న అడవే, కానీ అవి మనకు కనబడతాయని ఆశపడొద్దు. కొంగలూ లకుముకి పిట్టలూ మాత్రం నిరాశపరచవు. చలికాలమైతే వలస పక్షులు అదనం. ఆదివారాలు వద్దు, సెల్ఫీల గోలకు పిట్ట నిలవదు.

పడవ షికారుకు నేను రెండో స్థానమే ఇస్తాను. పోటూ జనమూ రెండూ కుదిరేదాకా కాచుకోవాలి, పైగా ఇంజను మోత. సరంగు పాయ మధ్యలో కాసేపు ఇంజను ఆపాడు, టికెట్టు డబ్బులు అక్కడ గిట్టాయి.

మోటారు ఆగింది
అడవి మళ్లీ
మాట అందుకుంది
కొంగ గొంతుతో

ఒకప్పుడు కోరంగి ఓడరేవు. రంగూన్‌కు ఇక్కణ్ణుంచి ఓడలు వెళ్లేవి. 1839 నవంబరు ఉప్పెన ఆ రేవును తుడిచిపెట్టింది. ఇప్పుడు తీరాన అలల జోరుకు అడ్డు నిలిచేది ఈ మడచెట్లే. కాకినాడకైతే హోప్ ఐలాండ్ ఇసుకతిన్నె కూడా కాపు.

తుఫాను పేరు
మనకు గుర్తుంటుంది
తెల్లమడకు
బరువే గుర్తు

బస సంగతి. కాకినాడలో అన్ని ధరల హోటళ్లూ ఉన్నాయి, భోజనానికి లోటు లేదు. మాకు దొరికిన గది కిటికీ బస్టాండు రోడ్డు వైపు, రాత్రంతా హారన్లే. విశ్రాంతికని వచ్చేవాళ్లు ముందే వెనక వైపు గది అడిగి తీసుకోండి. యానాంలో గోదావరి ఒడ్డున సాయంత్రాలు మరింత నెమ్మది, మళ్లీ వస్తే బస అక్కడే. కాకినాడ కాజా మాత్రం కొనకుండా కదలొద్దు. చెక్కబాట మీద సాయంత్రం దాకా ఉండాలనుకుంటే దోమల మందు రాసుకోండి, మా ఆవిడ చెప్పినా నేను రాసుకోలేదు.

దోమలు కూడా
సముద్రపు గాలికే
వచ్చాయట
సాయంత్రం మనతో