పేరు పలకలో రంగు పోయిందా: ఎనామిలా, అక్రిలికా?

చీమకుర్తి గ్రానైట్ పలక చెక్కుచెదరదు, దానిమీద చెక్కిన అక్షరాల గాడిలో రంగే ముందు పోతుంది. ఎనామిల్ (నూనె రంగు), అక్రిలిక్ (నీళ్లలో కలిసే రంగు), ఏది వేసినా ముందు పాతదాన్ని గుండుసూదితో గీకి, థిన్నర్‌తో తుడిచి, ఒక పూట ఆరనివ్వాలి. కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి గాడిలో తేమ నిలుస్తుంది. దానిమీద వేస్తే ఏ రంగైనా పెచ్చులూడుతుంది.

ఖర్చు: ఎనామిల్ 50 మి.లీ. డబ్బా, అక్రిలిక్ చిన్న సీసా. రెండూ పెద్ద ఖర్చేం కాదు.

శ్రమ: ఎనామిల్ ఒక పూతకే గాడి నింపుతుంది, రాత్రంతా ఆరాలి. అక్రిలిక్ అరగంటలో ఆరుతుంది కానీ కుంగుతుంది, రెండు మూడు పూతలు తప్పవు.

తుడవడం: గాడి బయట రాయికి అంటిన రంగు తుడవాలి, అసలు పని చెడేది ఇక్కడే. మెత్తటి గుడ్డ గాడిలోకి దిగి రంగును లాగేస్తుంది. గుడ్డను చెక్కముక్కకు బిగించి చుట్టి, అక్షరానికి అడ్డంగా ఒక్కసారి లాగాలి. ఎనామిల్‌కు టర్పెంటైన్ తడి, అక్రిలిక్‌కు నీళ్లు చాలు.

ముప్పు: తెల్ల ఎనామిల్ కొన్నాళ్లకు పసుపెక్కుతుంది. పాలరాయిలోకైతే దాని నూనె ఇంకి మరక పడుతుంది, తేలిగ్గా పోదు.

నల్ల గ్రానైట్, బంగారు రంగు అక్షరాలైతే ఎనామిల్. పాలరాయికీ, తెల్ల అక్షరాలకీ అక్రిలిక్. ఏదైనా మే నెల మిట్టమధ్యాహ్నం కాలిన రాయిమీద వేయొద్దు, బుడగలొస్తాయి.