ట్రెయిల్ కెమెరాకు ఇనుప పెట్టె మేలా, ఎత్తులో బిగించడం మేలా?

ట్రెయిల్ కెమెరా అంటే అడవిలో చెట్టుకు కట్టి వదిలేస్తే, ముందు నుంచి జంతువు వెళ్లినప్పుడు సెన్సార్‌తో పసిగట్టి తనంతట తానే ఫోటో తీసేది. అమెరికాలో వేట లీజులున్నవాళ్లు, అంటే వేటాడటానికి భూమి అద్దెకు తీసుకున్నవాళ్లు, నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. ఎలుగుబంటి కెమెరాను కొరికి పాడుచేస్తోంది, ఇనుప పెట్టె కొనాలా, నిచ్చెన వేసుకుని పైన బిగించాలా? నేను రెండూ వాడుతున్నాను. నా మొగ్గు పెట్టె వైపే, అయితే ఒక షరతుంది, అది కింద చెప్తాను.

ముందు ఏ జంతువు పాడుచేస్తోందో తేల్చుకోండి. అడవిపందులు, పశువులు గుంజకు ఒళ్లు రుద్దుకుంటాయి, మగ జింకలు చెట్టుకు కొమ్ములు రుద్దుతాయి, వాటి దారిలో ఉంది కాబట్టి కెమెరాకు తగులుతుంది, అంతే. నల్ల ఎలుగు అలా కాదు, కెమెరాను వెతుక్కుంటూ వస్తుంది. ప్లాస్టిక్ వాసన, మన చేతి వాసన, ఏ కొత్త వాసనైనా సరే మూతి పెట్టి, పళ్లు పెట్టి చూడందే వదలదు. కొలరాడోలోని బౌల్డర్ నగరం పెట్టిన కెమెరాల్లో ఒకదానిలో 580 ఫోటోలుంటే దాదాపు 400 ఒకే ఎలుగువి, 2023 జనవరిలో అవి లోకమంతా తిరిగాయి. కెమెరా చేసే చిన్న శబ్దాలు, ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు కూడా జంతువులకు తెలిసే వీలుందని ఆస్ట్రేలియా పరిశోధకులు 2014లోనే చూపించారు. 850 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న ఇన్‌ఫ్రారెడ్ ఫ్లాష్ బదులు 940ది తీసుకుంటే ఎర్రటి మెరుపు పోతుంది, కానీ రాత్రి ఫోటో అంత దూరం అందదు, వాసన ఎలాగూ ఉండనే ఉంటుంది.

ఎనిమిది, పది అడుగుల ఎత్తులో పెట్టి కిందికి వంచితే పశువులకు, పందులకు అందదు, జింక కళ్లకు ఎదురుగా ఉండదు, దొంగల చూపూ తొందరగా పడదు. ఇదంతా నిజమే. కానీ వంచిన సెన్సార్ చూసే నేల తగ్గిపోతుంది, కాస్త దూరంగా నడిచిన జింక అసలు పడదు. సన్నటి చెట్టయితే పైన గాలికి ఊగి ఖాళీ ఫోటోలతో మెమరీ కార్డు నిండిపోతుంది. అడవిలో ఒంటరిగా నిచ్చెనెక్కి కార్డు మార్చడం నాకైతే ప్రతిసారీ టెన్షనే. అన్నిటికీ మించి నల్ల ఎలుగు చెట్టెక్కుతుంది.

పెట్టెకూ లోపం ఉంది. లెన్స్‌నీ, దాని కింద సెన్సార్ ముందుండే పల్చటి గీతల ప్లాస్టిక్ కిటికీనీ ఇనుముతో మూయలేం, కోరపన్ను సరిగ్గా అక్కడ దిగితే ఆ కెమెరా పని అయిపోయినట్టే. అయినా నా దృష్టిలో అసలు తేల్చేది పెట్టె గట్టిదనం కాదు, కెమెరా చూసే దిక్కు మారకుండా ఉండటం. పట్టీతో కట్టిన పెట్టెను ఎలుగు రెండు చేతులతో పట్టుకుని బరువంతా వేసి లాగుతుంది, పట్టీ బెరడు మీద జారి పెట్టె పక్కకు తిరిగిపోతుంది. కెమెరా మాత్రం బాగానే ఉంటుంది, బ్యాటరీ అయిపోయేదాకా కొమ్మల్నీ ఆకుల్నీ ఫోటోలు తీస్తూనే ఉంటుంది, మీరు వెళ్లి కార్డు తీసేదాకా మీకు తెలియదు. వేట సీజన్ ముందు అలా పోయిన వారాలు తిరిగి రావు. కేబుల్ తాళం పెట్టెను ఎత్తుకుపోకుండా ఆపుతుంది తప్ప తిరక్కుండా ఆపదు.

అందుకే నా షరతు: పెట్టె వెనక రేకులోంచి రెండు లాగ్ బోల్టులు (కర్రలోకి బిగించే లావుపాటి మరమేకులు) చెట్టులోకి దిగాలి. ముందు డ్రిల్‌తో సన్న రంధ్రం చేసి, ఆ తర్వాత పానాతో బిగించండి. ఎలుగు వచ్చి వెళ్లిన మర్నాడు పెట్టెకు సొట్టలు కనిపిస్తాయి, గీతలు కనిపిస్తాయి, ఫ్రేము మాత్రం మీరు పెట్టిన చోటే ఉంటుంది. భూమి యజమానిని అడగకుండా ఈ పని చేయకండి, కలప కోసం పెంచే చెట్టులో ఇనుము ఉండిపోతే కోతమిల్లులో రంపం పాడవుతుంది. వద్దంటే మందపాటి కర్ర గుంజ పాతుకుని దానికి బిగించండి.

కారం స్ప్రేల సంగతి కూడా అడుగుతుంటారు. వాన పడితే కొట్టుకుపోతాయి, నేను వాడను. గ్లవ్స్ వేసుకుని కెమెరా ముట్టుకోవడం మాత్రం ఏ పద్ధతికైనా మంచిదే.

మీ లీజులో ఎలుగులే లేకపోతే ఈ ఖర్చు అక్కర్లేదు, పశువులకూ పందులకూ ఎత్తు చాలు. ఎలుగులుంటే ఛాతీ ఎత్తులో బోల్టులు దిగిన పెట్టే పెట్టండి, కార్డు మార్చినప్పుడల్లా కెమెరాను బయటికి తీసి వెనక చూడండి, ఆ సందులో చీమలు గూడు పెడతాయి.