గుండ్రటి బతుకమ్మ కోలగా వచ్చింది: మ్యాటీ, ఐడా, ఈవెన్‌వీవ్ గుడ్డలతో నా ఎనిమిదేళ్లు

గళ్లు లెక్కపెట్టి, గడికొక ఇంటూ గుర్తు కుట్టు వేస్తూ బొమ్మ తెచ్చే క్రాస్ స్టిచ్ మొదలుపెట్టినప్పుడు గుడ్డకూ గుడ్డకూ ఇంత తేడా ఉంటుందని నాకు తెలియదు. వరంగల్ జేపీఎన్ రోడ్డులో ఒక షాపుకు పోయి "క్రాస్ స్టిచ్‌కు గుడ్డ కావాలి" అంటే గళ్లు గళ్లుగా నేసిన మ్యాటీ గుడ్డ మీటరు కోసి చేతిలో పెట్టారు. గ్రాఫ్ కాగితం మీద బతుకమ్మను నేనే గీసుకున్నాను. పైనుంచి చూసినట్టు గుండ్రంగా, వరసకొక పువ్వు, మధ్యలో గౌరమ్మ. అడ్డం 110 కుట్లు, నిలువు 110. రెండు నెలలు కుట్టి, ఇస్త్రీ చేసి మంచం మీద పరిచాను. మా అత్తమ్మ వచ్చి చూసి, "ఇది బతుకమ్మనా, మామిడి టెంకనా?" అన్నది.

కుట్లు తప్పానేమోనని మళ్లీ లెక్కపెట్టాను. ఒక్కటీ తేడా లేదు. స్కేలు పెట్టి కొలిస్తే ఒక వైపు 10 అంగుళాలు, ఇంకో వైపు 11. అంటే గుడ్డలోనే అంగుళానికి ఒక దిక్కు 11 గళ్లు, ఇంకో దిక్కు 10. మా ఎదురింటి పెద్దాయన కొత్తవాడలో చాలా ఏళ్లు జంపఖానాలు నేశాడు. చూపిస్తే నవ్వి, "పడుగు ముందే లెక్కగ ఉంటది బిడ్డా, పేక ఎంత గట్టిగ కొడితే అంత దగ్గరికొస్తది" అన్నాడు. అప్పటినుంచి నా హ్యాండ్‌బ్యాగులో ఆరంగుళాల స్కేలు ఉంటుంది. షాపులో రెండంగుళాల మేర గళ్లు లెక్కపెడతాను, అడ్డం ఒకసారి, నిలువు ఒకసారి. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కుంటే విసుక్కోనీ.

మ్యాటీని తిట్టడం లేదు. ఆ మామిడి టెంకనే మిక్సీ మీద కప్పాను. ఎన్నిసార్లు ఉతికానో లెక్క లేదు, ఇంకా గట్టిగానే ఉంది. మెత్తగా ఉంటుంది, చవక, మీటర్ల లెక్కన దొరుకుతుంది. దిండు గలేబులకూ టేబుల్ క్లాత్‌లకూ, పూలకూ తీగలకూ బాగానే సరిపోతుంది. పువ్వు కొంచెం సాగినా ఎవరికీ తెలియదు. గుండ్రంగానో చతురస్రంగానో తప్పకుండా రావాల్సిన డిజైన్ మాత్రం దీని మీద వద్దు.

ఫ్రేము కట్టించే బొమ్మకు నేనిప్పుడు ఐడానే వాడుతున్నాను. ఐడాలో నాలుగైదు పోగులు కట్టలా కలిసి గడి కడతాయి, నాలుగు మూలలా కన్నాలు కళ్లకు కనిపిస్తాయి. 14 కౌంట్ అంటే అంగుళానికి 14 గళ్లు. కుట్ల సంఖ్యను కౌంట్‌తో భాగిస్తే కొలత వస్తుంది. మన ఖిలా వరంగల్ కళాతోరణం నేను 168 కుట్ల వెడల్పు, 126 ఎత్తు గీసుకున్నాను. 14 కౌంట్ మీద అది 12 అంగుళాలు, 9 అంగుళాలు. అదే 11 మీదైతే వెడల్పు 15 దాటుతుంది, 18 మీదైతే 9 అంగుళాల పైచిలుకే. దీనికి నాలుగు వైపులా మూడేసి అంగుళాలు కలుపుకొని కోయాలి. ఒకసారి పిసినారితనం చేసి అంగుళమే వదిలాను. ఫ్రేము కట్టేవాళ్లు మడత పెట్టడానికి చోటు లేదని వెనక్కి ఇచ్చారు.

దారం లెక్క కూడా గుడ్డను బట్టే. యాంకర్ కంపెనీదైనా డీఎంసీ కంపెనీదైనా దారంలో ఆరు పోగులుంటాయి. 14కు రెండు పోగులు తీస్తాను, 11కు మూడు, 18కు ఒకటి. నా మొదటి బతుకమ్మకు 11 మీద రెండే పోగులతో కుట్టడం వల్ల కుట్ల మధ్య నుంచి తెల్ల గుడ్డ తొంగిచూస్తుంది. కోలగా రావడం ఒక ఎత్తు, ఇది ఇంకో ఎత్తు.

తోరణం మీది హంసల మెడల దగ్గర ఐడా నన్ను ఏడిపించింది. వంపు తిరగాలంటే గడి మూల నుంచి మధ్య వరకే వచ్చే పావు కుట్టు వేయాలి, గడి మధ్యలో కన్నం ఉండదు కాబట్టి సూదితో పొడిచి దారి చేసుకోవాలి. ఆ పనికి ఈవెన్‌వీవ్ హాయి. అందులో పోగులు కట్టలుగా కాక విడివిడిగా, రెండు వైపులా సమానంగా ఉంటాయి, కౌంట్ అంటే అంగుళానికి పోగుల లెక్క. 28 కౌంట్ గుడ్డ మీద రెండేసి పోగులు దాటుకుంటూ కుడితే 14 కౌంట్ కొలతే వస్తుంది, మధ్య కన్నం ఎలాగూ ఉంటుంది. కానీ ఒక్క పోగు లెక్క తప్పితే వరసంతా పక్కకు జరుగుతుంది. నలభై దాటిన కళ్లతో, కరెంటు పోయి వచ్చే సాయంత్రాల్లో నాకది టెన్షనే. సగం కుట్టిన ముక్క ఇప్పటికీ బీరువాలో ఉంది.

కొత్త ఐడా గంజి పెట్టినట్టు బిర్రుగా ఉంటుంది, గుడ్డ బిగించే రింగులో బాగా నిలుస్తుంది. కోసిన అంచులు మాత్రం ఊరికే పోగులు ఊడతాయి, ముందే చుట్టూ కుట్టు వేసుకోండి. రాత్రి పని ఆపగానే రింగు తీసేయాలి, లేకపోతే ఆ గుండ్రటి మరక ఇస్త్రీకి కూడా పోదు. నీళ్లతో పోయే నీలం పెన్నుతో పది పది గళ్ల గీతలు గీసుకుంటే లెక్క తప్పదు. కాకపోతే నేను ఒకసారి ఉతకకుండానే ఇస్త్రీ చేశాను. వేడికి ఆ గీతలు గుడ్డలో ఉండిపోయాయి. తోరణం పైన ఆకాశంలో ఇప్పటికీ నీలం గళ్లున్నాయి, అడిగినవాళ్లకు మబ్బులని చెబుతున్నాను.

పోయిన దసరాకు నల్ల ఐడా తెచ్చాను. రంగులు దాని మీద వెలిగిపోతాయి గానీ కన్నాలు కనపడవు. ఒళ్లో తెల్ల టవలు పరుచుకుంటే కింది నుంచి తెలుపు కనిపించి కన్నం దొరుకుతుంది. ఈసారి బతుకమ్మకు అడ్డం 140, నిలువు 140 పెట్టుకున్నాను. కొనేముందు కొలిచాను, రెండు వైపులా అంగుళానికి 14 గళ్లే.