నాలుగు పంపులు, ఆరేళ్లు: దారిలో సైకిల్‌కి గాలి కొట్టుకోవడానికి ఏది పనికొచ్చింది

ముందు నా సంగతి చెప్పాలి, ఎందుకంటే ఏ పంపు కొనాలన్నది కొనేవాళ్ల ఒంటిని బట్టే ఉంటుంది. నా బరువు 54 కిలోలు. మియాపూర్ నుంచి గచ్చిబౌలిలో ఆఫీసుకి వారంలో మూడు నాలుగు రోజులు సైకిల్ మీదే వెళ్తాను. ఆదివారాలు శంకర్‌పల్లి వైపో, గండిపేట వైపో, ఓపిక ఉంటే వికారాబాద్ దాటి అనంతగిరి కొండల దాకానో పోతాను. నా సైకిల్‌కి 700x28 సైజు, అంటే 28 మిల్లీమీటర్ల వెడల్పుండే సన్న టైర్లు, సన్న మూతి ఉండే ప్రెస్టా వాల్వ్ ట్యూబులు. గాలి 70 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) పెట్టుకుంటాను. ఈ ఆరేళ్లలో నాలుగు పంపులు మార్చాను. పంపు కొనబోయే వాళ్లు ఎవరు అడిగినా నేను చెప్పే మాట ఒక్కటే: డబ్బా మీద రాసిన పీఎస్ఐ చూడొద్దు, పంపు నుంచి వాల్వ్‌కి వెళ్లే మెత్తటి గొట్టం ఉందో లేదో చూడండి, కొన్నరోజే ఇంట్లో టైరు పూర్తిగా ఖాళీ చేసి కొట్టి చూడండి.

మొదటి పంపు చూడగానే ముచ్చటేసి కొన్నాను. జేబులో పడుతుంది, వంద గ్రాముల బరువు, డబ్బా మీద 120 పీఎస్ఐ అని పెద్ద అక్షరాలు. ఫ్రేముకి బిగించి ఎనిమిది నెలలు మోశాను. ఒక్కసారి కూడా వాడి చూడలేదు.

శంకర్‌పల్లి రోడ్డు మీద ఒక పొద్దున పల్లేరుకాయ దిగింది. పొలం గట్ల మీద పాకే మొక్కకి కాసే ముళ్లకాయ అది. నేల మీద ఎలా పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. అమెరికాలో కూడా సైకిల్ తొక్కేవాళ్లకి ఇదే పెద్ద బెడద, అక్కడ దీన్ని మేకతల అంటారట. ముల్లు తీశాను, కొత్త ట్యూబు వేశాను, పంపు మూతికి తగిలించాను. ఆ పంపుకి గొట్టం లేదు. తల నేరుగా వాల్వ్ మీదే కూర్చుంటుంది. ఒక చేత్తో పంపునీ చక్రాన్నీ కలిపి పట్టుకోవాలి, ఇంకో చేత్తో కొట్టాలి. మొదటి యాభై సార్లు హాయిగా సాగింది. వంద దాటాక నొక్కుడు బరువెక్కింది. ఎడమ చెయ్యి వణకడం మొదలైంది, ఒక్కో పోటుకి వాల్వ్ కొంచెం కుడికి, కొంచెం ఎడమకి ఒరుగుతోంది. కనిపిస్తూనే ఉంది కానీ ఆపడం నా చేతిలో లేదు. 140 దగ్గర ఉస్‌మని చప్పుడు. ట్యూబుకి మూతి అతికిన చోట గోరంత చీలిక. అక్కడ ప్యాచ్ నిలవదు, ట్యూబు పారేయాల్సిందే.

నాలుగు కిలోమీటర్లు నడిపించుకుంటూ పంక్చర్ షాపుకి చేరాను. పాత ట్యూబుకి ప్యాచ్ వేసి ఇచ్చాడు కానీ, "ఈ సన్న మూతికి మన గాలి పట్టదమ్మా" అన్నాడు. అతని తప్పేం లేదు. అతని గొట్టం బైకులకీ కార్లకీ ఉండే లావు మూతికి తయారైంది. ఆ మర్నాడే ఇత్తడి అడాప్టర్ కొన్నాను, వేలి గోరంత ఉంటుంది. ప్రెస్టా మూతికి బిగిస్తే ఏ పంక్చర్ షాపులోనైనా, పెట్రోల్ బంకులోనైనా గాలి పట్టించుకోవచ్చు. ఇప్పటికీ ఒకటి వాల్వ్ మూతకి బదులుగా చక్రానికే బిగించి ఉంటుంది, ఇంకొకటి సంచిలో. మీ పంపు ఎంత మంచిదైనా ఇది మాత్రం కొనండి.

ఇక డబ్బా మీది పీఎస్ఐ సంగతి. పంపు ఒళ్లు ఎంత లావుగా ఉంటే ఒక్కో పోటుకి అంత ఎక్కువ గాలి పోతుంది, కానీ నొక్కడానికి అంత ఎక్కువ బలం కావాలి. నేను కాగితం మీద లెక్క వేసి చూశాను. లోపలి అడ్డకొలత 20 మిల్లీమీటర్లు ఉన్న పంపుతో 70 పీఎస్ఐ దగ్గర పిడి మీద పెట్టాల్సిన బరువు పదిహేనున్నర కిలోలు. అదే 30 మిల్లీమీటర్లయితే 35 కిలోలు. రెండు చేతుల మధ్య గాల్లో పట్టుకుని, రోడ్డు పక్కన కూర్చుని, చివరికొచ్చేసరికి ప్రతి పోటుకీ 35 కిలోల బరువుతో నొక్కాలి. 80 కిలోల మనిషికి అది కష్టమైన పని, నాకు జరగని పని. 120 పీఎస్ఐ అని రాసినవాళ్లు అబద్ధం రాయలేదు, పంపు తట్టుకుంటుంది. కొట్టే మనిషి తట్టుకుంటుందా అన్నది డబ్బా చెప్పదు.

ఈ లెక్క రెండో పంపు కొనక ముందు వేసుకుని ఉంటే బాగుండేది. మొదటి అనుభవంతో ఈసారి గొట్టం ఉన్నదే కావాలని పట్టుబట్టాను, దొరికింది. కానీ లావు పంపు తెచ్చుకున్నాను. 45 పీఎస్ఐ దాకా గబగబా ఎక్కేది, ఆ పైన పిడి రాయిలా బిగుసుకుపోయేది. ఎంత కొట్టినా 50 దాటించలేకపోయాను. మెత్తటి టైరుతో గుంత అంచు ఎక్కిస్తే ట్యూబు రిమ్ముకీ గుంతకీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు గాట్లు పడతాయి, పాము కరిచినట్టు. అలా ఒక పంక్చర్ బాగుచేసుకుని ఇంటికి వస్తూ ఇంకో పంక్చర్ తెచ్చుకున్న రోజు ఉంది.

దాని గొట్టం చివర మరలు ఉండేవి, వాల్వ్‌కి తిప్పి బిగించాలి. బిగింపు గట్టిగానే కూర్చునేది. విప్పేటప్పుడే టెన్షన్. ఒకసారి గొట్టంతో పాటు వాల్వ్ లోపల గాలిని ఆపే ముక్క, కోర్ అంటారు, అది కూడా మరలు ఊడి వచ్చేసింది, అంతసేపు కొట్టిన గాలి రెండు సెకన్లలో పోయింది. అప్పుడు కూర్చుని ఏడవాలనిపించింది. తర్వాత తెలిసిన చిట్కా ఏమిటంటే, కోర్ ఊడివచ్చే రకం ట్యూబులైతే కొన్నరోజే దాన్ని చిన్న పానాతో గట్టిగా బిగించి పెట్టుకోవాలి. మరల గొట్టం నచ్చినవాళ్లు ఈ పని తప్పక చేయండి. నాకు మాత్రం మీట నొక్కితే పట్టుకునే తల ఉంటేనే మనశ్శాంతి.

మధ్యలో కొన్నాళ్లు సీఓటూ కార్ట్రిడ్జ్‌లు, అంటే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ నింపిన చిన్న ఉక్కు డబ్బీలు, వాడాను. 16 గ్రాములది ఒకటి నా 28 టైరుకి చక్కగా సరిపోతుంది, రెప్పపాటులో చక్రం గట్టిపడుతుంది. ఉక్కు డబ్బీ మంచులా చల్లబడుతుంది, ఉత్త చేత్తో పట్టుకోవద్దు. ఆ గ్యాస్ రబ్బరు ట్యూబులోంచి మామూలు గాలి కన్నా త్వరగా జారిపోతుంది కాబట్టి ఇంటికొచ్చాక దాన్ని వదిలేసి మళ్లీ మామూలు గాలి నింపాలి. నాకు పడనిది అది కాదు. ఒక కార్ట్రిడ్జ్ అంటే ఒక్కటే అవకాశం. ట్యూబు టైరు కింద నలిగిందని అప్పుడు తెలిస్తే చేతిలో ఖాళీ డబ్బీ మిగులుతుంది. పోటీల్లో పాల్గొనేవాళ్లకి సరే, ఆఫీసుకి వెళ్లేవాళ్లకి దీన్నే నమ్ముకోమని నేను చెప్పను.

మూడోది బ్యాటరీ పంపు. ఇప్పుడు అందరూ అడుగుతున్నది దీని గురించే. అగ్గిపెట్టెలు రెండు మూడు పేర్చినంత ఉంటుంది, మీట నొక్కితే పని అయిపోతుంది. పూర్తి ఛార్జింగ్ ఉంటే నా టైర్లు రెండూ నింపుతుంది. దాని చప్పుడు మాత్రం ఊరంతా వినపడుతుంది. పొద్దున నాలుగున్నరకి ఒక పల్లె చివర ఆన్ చేస్తే కుక్కలన్నీ లేచాయి. చివర ఇత్తడి ముక్క బాగా వేడెక్కుతుంది, వెంటనే ముట్టుకోకూడదు. ఈ మధ్య వస్తున్న తేలిక టీపీయూ ట్యూబులు (రబ్బరుకి బదులు ఒక రకం ప్లాస్టిక్‌తో చేసేవి) వాడేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి, ఆ వేడికి ప్లాస్టిక్ మూతి మెత్తబడే ప్రమాదం ఉంది, మధ్యలో చిన్న గొట్టం పెట్టుకోవాలి. లిథియం బ్యాటరీ కాబట్టి విమానంలో తీసుకెళ్లాలంటే ముందే విమాన సంస్థని అడిగి తెలుసుకోవాలి. చేతుల్లో బలం తక్కువ ఉన్నవాళ్లకి, కీళ్లనొప్పులున్నవాళ్లకి ఇది నిజంగా వరం, నేను మనస్ఫూర్తిగా కొనుక్కోమంటాను. నాదైతే నాలుగు నెలలు సంచిలో పడుండి, కావలసిన రోజు ఛార్జింగ్ లేక మూగబోయింది. తప్పు నాదే, ఛార్జ్ చేయలేదు. ఇప్పుడది ఇంట్లో ఉంటుంది, నెలకోసారి ఛార్జ్ చేస్తాను, స్కూటీకి కూడా వాడతాం.

నాలుగోది నాకు నాన్న వల్ల తట్టింది. ఖమ్మం దగ్గర మా ఊళ్లో నాన్నకి ఒక పాత ఇనప పంపు ఉండేది. కింద పట్టీని రెండు పాదాలతో తొక్కిపట్టి, చెక్క పిడి మీద ఒళ్లంతా వంచి నొక్కాలి. ఎనిమిదో తరగతిలోనే దాంతో గాలి కొట్టేదాన్ని, చేతులు నొప్పి పుట్టేవి కావు. సెలవులకి వెళ్లినప్పుడు నా పంపు బాధలు చెప్తుంటే నాన్న అన్నాడు, "చేతులతో కొడితే ఎట్లనమ్మా, ఒంటితో కొట్టాలె గాని." అలాంటిది చిన్న సైజులో దొరుకుతుందా అని వెతికాను. దొరుకుతుంది. నేను తీసుకున్నది టోపీక్ రోడ్ మార్ఫ్ జి. మూడున్నరేళ్లుగా నా ఫ్రేముకి అదే ఉంది.

మడిచి పెట్టుకునే చిన్న కాలిపట్టీ, అడ్డంగా తిప్పితే రెండు చేతులకీ పట్టు దొరికే పిడి, బయటికి వేలాడే గొట్టం, దాని మీద గాలి ఎంతుందో చూపే చిన్న గేజి. పంపుని నేల మీద నిలబెట్టి, పట్టీని బూటుతో తొక్కి, పై నుంచి నొక్కుతాను. వాల్వ్ కదలదు, ఎందుకంటే నా ఊపంతా నేలకే పోతుంది. ఖాళీ టైరు నుంచి 70 పీఎస్ఐకి నాకు 110 సార్లు పడుతుంది, మొదటి పంపుతో అయితే రెండొందల పైమాటే. పొడవు మాత్రం 35 సెంటీమీటర్లు. జేబులో పట్టదు, ఫ్రేము గొట్టం పక్కన బిగించుకోవాలి. అందం చూసుకునేవాళ్లకి నచ్చకపోవచ్చు. నాకు అది ఇబ్బందే కాదు.

దాని విలువ తెలిసింది బెంగళూరు హైవే మీద. 200 కిలోమీటర్ల బ్రెవే, అంటే గడువు లోపల పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణం; దీనికి గడువు 13న్నర గంటలు. షాద్‌నగర్ దాటాక వెనక చక్రం దిగిపోయింది. ట్యూబు మార్చి, 110 కొట్టి బయల్దేరాను. మూడు కిలోమీటర్లలో మళ్లీ దిగింది. తొందరలో టైరు లోపల వేలితో తడిమి ఏమీ లేదనుకున్నాను. రెండోసారి టైరుని రిమ్ము మీంచి పూర్తిగా తీసి, లోపల పలుచటి గుడ్డ పెట్టి చుట్టూ లాగుతూ వచ్చాను. ఒకచోట గుడ్డ దారం దేనికో చిక్కింది. లారీ టైర్లు పేలినప్పుడు రోడ్డు పక్కన చెల్లాచెదురయ్యే సన్న ఇనప తీగ, వెంట్రుక కంటే కాస్త లావు, కంటికి ఆనదు. చిన్న పట్టకారుతో లాగేసి, మళ్లీ 110. ఒక్క గంటలో రెండుసార్లు పూర్తిగా గాలి కొట్టాక కూడా చేతుల్లో హ్యాండిల్ పట్టుకునే సత్తువ మిగిలింది. మొదటి రెండు పంపుల్లో ఏదున్నా ఆ రోజు అక్కడే ఆగిపోయేదాన్ని. సమయం ఉండగానే చేరాను.

పోషణ పెద్దగా లేదు. వానాకాలం అయ్యాక పిడి తీసి, లోపలి రబ్బరు రింగు తుడిచి, ఒక చుక్క సిలికాన్ గ్రీజు రాస్తాను. రింగు ఎండిపోతే ఏ పంపైనా గాలి వెనక్కి వదులుతుంది. కొబ్బరినూనె పోయకండి, దుమ్ము పట్టి జిగురవుతుంది.

నానక్‌రామ్‌గూడ దగ్గర 2023లో తెరిచిన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ మీద ఆగిపోయినవాళ్లు చాలామంది నా పంపు అడిగి తీసుకున్నారు. వాళ్లలో సగం మందికి లావు మూతి ట్యూబులే. తల మూత విప్పి లోపలి రబ్బరునీ ప్లాస్టిక్ ముక్కనీ తిరగేసి పెడితే దానికీ పట్టుతుంది. మీరు కొనేముందు ఈ పని ఒకసారి మీ చేత్తో చేసి చూడండి, చీకట్లో కూడా చేయగలగాలి. అన్నట్టు, పాత హీరో, అట్లాస్ సైకిళ్లకి ఉండే డన్‌లప్ వాల్వ్‌కి ప్రెస్టా వైపు తలే సరిపోతుంది. మొన్న ఊరెళ్లినప్పుడు నాన్న సైకిల్‌కి దీంతోనే కొట్టాను.

ఇక ఆ రెండో పంపు, 50 దాటని లావుది, అలమరలో పడేసి ఉండేది. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు, మౌంటెన్ బైకు, 26x2.1 టైర్లు, లావు మూతి. దానికి 35 పీఎస్ఐ చాలు, అంత దగ్గర ఆ లావు పంపుని నొక్కడానికి పదిహేడు కిలోల బరువు సరిపోతుంది. పోయిన ఆదివారం వరండాలో ముందు చక్రం గాలి మొత్తం తీసేసి, పంపు చేతికిచ్చి, నేను పక్కన కూర్చున్నాను. 140 సార్లు కొట్టింది, గట్టిగా లెక్కపెడుతూ. మధ్యలో రెండుసార్లు ఆగింది. బొటనవేలితో టైరు నొక్కి చూసి, గేజి పెట్టింది, 36. వెనక చక్రం కూడా తనే ఖాళీ చేసి మళ్లీ మొదలుపెట్టింది.