ఉన్న స్ప్రైట్‌ను మన పాత్రగా మార్చుకోవడం: ఎల్‌పీసీ బేస్, ఏస్‌ప్రైట్‌లతో చాలాకాలం పనిచేశాక

ఒంటరిగా గేమ్ తయారుచేసే వాళ్లకు కోడ్ కన్నా బొమ్మలతోనే టెన్షన్ ఎక్కువ. ఒక్క పాత్ర నాలుగు దిక్కులకూ నడవాలంటే, దిక్కుకు తొమ్మిది ఫ్రేముల చొప్పున 36 బొమ్మలు కావాలి. కత్తితో కొట్టడం, ఈటెతో పొడవడం, బాణం వేయడం, మంత్రం వేయడం, దెబ్బ తిని పడిపోవడం కూడా కలిపితే లెక్క 178కి చేరుతుంది. ఇన్నీ ఖాళీ కాన్వాస్ మీద గీయడం కథానాయకుడి ఒక్కడికైతే సరే, ఊరినిండా మనుషులున్న ఆటలో ఎవరివల్లా కాదు. అందుకే నేను స్వేచ్ఛగా వాడుకోనిచ్చే స్ప్రైట్లను (ఆటలో కదిలే పిక్సెల్ బొమ్మల్ని) తీసుకుని, మార్చి, నా పాత్రలుగా చేసుకునే దారి పట్టాను. దానికి నేను నమ్ముకున్నవి రెండు: లిబరేటెడ్ పిక్సెల్ కప్ వారి మనిషి బొమ్మ (అందరూ ఎల్‌పీసీ బేస్ అంటారు), దాన్ని మార్చడానికి ఏస్‌ప్రైట్ అనే పిక్సెల్ బొమ్మలు గీసే ప్రోగ్రామ్. చాలాకాలంగా ఈ రెండింటితోనే పని.

తెలియని వాళ్ల కోసం కాస్త నేపథ్యం. 2012లో క్రియేటివ్ కామన్స్, ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్, ఆట బొమ్మలు పంచుకునే వెబ్‌సైట్ ఓపెన్‌గేమ్‌ఆర్ట్ కలిసి లిబరేటెడ్ పిక్సెల్ కప్ అనే పోటీ పెట్టాయి. ఎవరు గీసిన బొమ్మ అయినా మిగతావాళ్ల బొమ్మల పక్కన అతికినట్టు ఉండాలని ముందే ఒక శైలి నిర్ణయించి, నమూనాగా మనుషుల్ని, నేల పలకల్ని ఇచ్చారు. నేల పలక 32×32 పిక్సెళ్లు, మనిషి కదిలే గడి 64×64. పోటీ ముగిశాక కూడా ఎంతోమంది జుట్లు, బట్టలు, కవచాలు, ఆయుధాలు గీసి కలుపుతూనే వచ్చారు. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, పూర్తి షీట్ (ఫ్రేములన్నీ వరుసగా ఉన్న ఒకే బొమ్మ) తయారుచేసి ఇచ్చే జనరేటర్ కూడా ఉంది.

ఈ బేస్‌లో అసలు విలువైనది నడక. మొదటి ఫ్రేము నిలబడిన భంగిమ, మిగతా ఎనిమిదీ అడుగులు. అడుగు పడ్డప్పుడు తల ఒక పిక్సెల్ దిగి మళ్లీ లేస్తుంది, చేతులు కాళ్లకు ఎదురుగా ఊగుతాయి, ఒంటి బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారడం కంటికి తెలుస్తుంది. యానిమేషన్ రానివాళ్లకు అన్నిటికన్నా కష్టమైన పని ఇదే, అది చేసి పెట్టి ఉంది. నేను మార్చేది ఆ నడక మీద ఉన్న మనిషిని.

మార్చడం అంటే చాలామంది చేసేది రంగు మార్చడం. ఎర్ర చొక్కా నీలం అవుతుంది, నల్ల జుట్టు తెల్లబడుతుంది, కొత్త పేరు పెడతారు. ఆటల చరిత్రలో ఈ పద్ధతికి గౌరవమైన చోటే ఉంది. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో మబ్బులు, పొదలు ఒకే బొమ్మ, రంగులే వేరు. 1992లో వచ్చిన మోర్టల్ కాంబాట్‌లో స్కార్పియన్, సబ్-జీరో ఒకే నటుడి రూపం, ఒకరు పసుపు, ఇంకొకరు నీలం. కానీ అక్కడ గమనించాల్సింది, ఆ ఇద్దరినీ ఆటగాళ్లు వేరువేరు మనుషులుగా గుర్తుపెట్టుకోవడానికి కారణం రంగు ఒక్కటే కాదు. ఒకడు బల్లెం విసిరి లాక్కుంటాడు, ఒకడు మంచుతో బిగించేస్తాడు. చేసే పని వేరు కాబట్టి రంగు సరిపోయింది. నా ఆటలో ఊరివాళ్లు నడుస్తారు, మాట్లాడతారు, అంతే. అక్కడ రంగు మాత్రమే మారిస్తే అందరూ ఒకే మనిషి వేషాలు వేసినట్టు ఉంటుంది.

కాబట్టి నేను మొదట మార్చేది ఆకారం. పాత్ర మొత్తాన్ని నల్లరంగుతో నింపి, ఆట స్క్రీన్ మీద ఉండే అసలు సైజులోనే చూస్తాను. ఆ నల్ల ఆకారాన్ని బట్టి ఇది ఫలానా మనిషి అని తెలియాలి. తెలియకపోతే కళ్లు, గుండీలు, నగలు ఎంత గీసినా దండగే. నా ఆటలో కమ్మరి ఉన్నాడు. అతనికి భుజాలు అటూ ఇటూ రెండేసి పిక్సెళ్లు పెంచాను, మెడ తీసేసి తలను కిందికి దించాను, ముంజేతులు ఒక పిక్సెల్ లావు చేశాను. మార్పు ఇంతే, కానీ దాంతోనే మనిషి బరువెక్కాడు. ఉత్తరాలు మోసే అమ్మాయికి దానికి పూర్తిగా వ్యతిరేకం: ఒక భుజానికి వేలాడే పెద్ద సంచి, మెడకు చుట్టిన కండువా కొస గాలికి వెనక్కి. సంచి వల్ల ఒంటి ఒకవైపు ఉబ్బుగా, రెండోవైపు సన్నగా కనిపిస్తుంది. ఎంత దూరం నుంచి చూసినా ఆమే అని తెలుస్తుంది.

ఇంత చిన్న బొమ్మలో ఒక్క పిక్సెల్‌కు ఎంత బరువు ఉంటుందో మారియోను చూస్తే అర్థమవుతుంది. 1981లో డాంకీ కాంగ్ కోసం షిగేరు మియామోటో ఆ పాత్రను రూపొందించినప్పుడు జుట్టు గీయడానికి చోటు లేక టోపీ పెట్టారు, నోరు గీయకుండానే ముక్కు తెలియడానికి మీసం పెట్టారు, చేతుల కదలిక కనిపించడానికి చొక్కా మీద వేరే రంగు ఓవరాల్స్ వేశారు. ఇవన్నీ చోటు చాలక వచ్చినవే, కానీ పాత్ర గుర్తులైపోయాయి. ఎల్‌పీసీ గడి దానికన్నా చాలా పెద్దదే అయినా పద్ధతి అదే. ముఖంలో పిక్సెళ్లు తక్కువ కాబట్టి వ్యక్తిత్వాన్ని ముఖంలో వెతక్కుండా తలపాగాలో, భుజాల్లో, అంచుల్లో పెట్టాలి.

ఎత్తు మార్చడం మాత్రం జాగ్రత్తగా చేయాల్సిన పని. పిల్లాడు కావాలని బొమ్మను 75 శాతానికి కుదిస్తే పిక్సెళ్లు నలిగి, పక్కనున్న మనుషుల గీతతో కలవదు. స్కేల్ చేయకుండా వరుసలు కోసేయాలి. కాలిపిక్క నుంచి రెండు మూడు వరుసలు, మొండెం నుంచి ఒకటో రెండో తీసేసి, తలను అలాగే ఉంచితే పిల్లాడు వస్తాడు. మోకాలి దగ్గర కోస్తే అడుగు వేసేటప్పుడు కాలు ఎక్కడ మడుస్తున్నాడో తెలియదు, అందుకని అక్కడ ముట్టుకోకూడదు.

ఇక ఏస్‌ప్రైట్ సంగతి. ఇలాంటి పనికి ఇది చేతికి అమరిన పనిముట్టు అని గట్టిగా చెప్పగలను. షీట్‌ను దిగుమతి చేస్తే 64×64 చొప్పున ముక్కలు చేసి ఫ్రేములుగా టైమ్‌లైన్‌లో పెడుతుంది. వాటికి ట్యాగులు పెట్టుకుంటే నడక, కత్తి దెబ్బ విడివిడిగా ఆడించి చూడొచ్చు. నేను అసలు బేస్‌ను కింద ఒక లేయర్‌లో తాళం వేసి ఉంచుతాను, నా మార్పులన్నీ పై లేయర్లలో: ఒళ్లు, బట్ట, జుట్టు, చేతిలో వస్తువు. ఆనియన్ స్కిన్ వేస్తే ముందు ఫ్రేము, తర్వాతి ఫ్రేము లేతగా కనిపిస్తాయి, సంచి ఎంత ఊగాలో అప్పుడే తెలుస్తుంది. టైమ్‌లైన్‌లో చాలా ఫ్రేములు ఎంచుకుని ఒకేసారి జరపొచ్చు. కమ్మరి తల దించింది అలాగే, నిమిషంలో అయిపోయింది.

నాకు అన్నిటికన్నా నచ్చినవి రెండు. ఒకటి ఇండెక్స్‌డ్ మోడ్. ఇందులో ప్రతి పిక్సెల్‌కూ పాలెట్‌లోని (బొమ్మలో వాడే రంగుల పట్టికలోని) ఒక గడి నంబరు మాత్రమే ఉంటుంది, ఆ గడిలో రంగు మారిస్తే ఫ్రేములన్నిట్లోనూ మారిపోతుంది. వేర్వేరు కళాకారుల జుట్టు, బట్టలు కలిపినప్పుడు ఒక్కొక్కరి నీలం ఒక్కో రకంగా ఉంటుంది కదా, వాటన్నిటినీ ఒకే పాలెట్‌కు తేవడం వల్లే బొమ్మ ఒక చేత్తో గీసినట్టు కనబడుతుంది. రెండోది షేడింగ్ ఇంక్. పాలెట్‌లో చీకటి నుంచి వెలుగు దాకా రంగుల వరుస ఎంచుకుని బ్రష్ నడిపితే, ఏ పిక్సెల్ ఆ వరుసలో ఎక్కడుందో అక్కడి నుంచి ఒక మెట్టు జరుగుతుంది. భుజాలు పెంచాక కొత్తగా వచ్చిన చోట నీడ వేయడానికి ఇంతకన్నా సులువైన మార్గం నాకు దొరకలేదు. ఆ వరుస తయారుచేసేటప్పుడు ఒక మాట: నీడ అంటే అదే రంగులో నలుపు కలపడం కాదు. నీడవైపు నీలం లేదా ఊదా వైపు, వెలుగువైపు పసుపు వైపు కాస్త జరిపితే బట్టకు జీవం వస్తుంది.

ఫ్రేముకు ఎంత సమయమో మిల్లీసెకన్లలో పెట్టుకోవచ్చు. దీన్ని చాలామంది పట్టించుకోరు కానీ పాత్రను మార్చడంలో దీనికి పెద్ద చెయ్యి ఉంది. ఒక కాలు మోపిన ఫ్రేముల్ని తొందరగా, రెండో కాలివి నిదానంగా నడిపితే పిక్సెల్ ముట్టుకోకుండానే కుంటి నడక వస్తుంది. ముసలాళ్లకు అన్ని ఫ్రేములూ నిదానం, ఆ ఉత్తరాల అమ్మాయికి అన్నీ చురుకు.

కష్టపెట్టేవి కూడా ఉన్నాయి. ఆకారం మార్చేటప్పుడు ప్రతి ఫ్రేమునూ చేత్తో సరిచేయక తప్పదు, గీత ఒక ఫ్రేములో గీస్తే అన్నిట్లోకీ పోదు. కమ్మరి ముంజేతులు నాలుగు దిక్కుల్లోనూ విడివిడిగా గీసినవే. ఎడమ, కుడి వైపులకు అద్దం తిప్పినట్టు ఒకటే బొమ్మ వాడదామనుకుంటే, సంచి భుజం మారిపోతుంది, కత్తి చేయి మారిపోతుంది. ఎల్‌పీసీలో రెండు వైపులకూ వేరే వరుసలు ఉండటం ఇక్కడే పనికొస్తుంది, కాకపోతే పని రెట్టింపు. పడిపోయే వరుస ఒకే దిక్కుకు ఉంది, మొదటి షీట్‌లో పరుగు లేదు. అన్నిటికీ మించి, బేస్ ఒక్కటే కాబట్టి పైపైన మార్చిన ఎల్‌పీసీ పాత్రలు ఏ ఆటలో చూసినా తోబుట్టువుల్లా ఉంటాయి. ఆకారం గురించి నేను ఇంత పట్టుబట్టడం అందుకే.

ఏస్‌ప్రైట్ ట్రయల్‌లో ఫైలు సేవ్ కాదు, ఇది ముందే తెలుసుకుని దిగాలి. ప్రోగ్రామ్ సోర్సు అందరికీ కనిపిస్తుంది, సొంత వాడకానికి కంపైల్ చేసుకోవచ్చు, కానీ 2016లో లైసెన్స్ మారాక దాన్ని పంచిపెట్టే హక్కు లేదు. పూర్తి స్వేచ్ఛ ఉన్నదే కావాలంటే, మారకముందు కోడ్ నుంచి పుట్టిన లిబ్రెస్ప్రైట్ ఉంది.

బొమ్మల లైసెన్స్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే "మార్చాను కాబట్టి నాదే" అనే నమ్మకం బాగా పాతుకుపోయింది. ఇన్ని శాతం పిక్సెళ్లు మారిస్తే కాపీరైట్ పోతుందనే నియమం ఏదీ లేదు. అమ్మకానికి ఉన్న ఆట నుంచి పీకిన స్ప్రైట్‌ను ఎంత మార్చినా అది ఆ బొమ్మ నుంచి పుట్టిందే. చెయ్యి తిరగడానికి ఇంట్లో సాధన చేసుకోవచ్చు, విడుదల చేసే ఆటలో పెట్టకూడదు. ఎల్‌పీసీ అసలు బొమ్మలు సీసీ బై ఎస్‌ఏ 3.0, జీపీఎల్ 3.0 రెండు లైసెన్సుల కింద ఉన్నాయి, మనకు నచ్చినది ఎంచుకోవచ్చు. మొదటిది తీసుకుంటే గీసినవాళ్ల పేర్లు చెప్పాలి, ఏం మార్చామో చెప్పాలి, మార్చిన బొమ్మను మళ్లీ అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. అంటే నా కమ్మరిని రేపు ఇంకెవరైనా తీసుకుని మార్చుకోవచ్చు. నాకు అది సంతోషమే, నాకు దొరికిందీ అలాగే కదా. ఎవరికైనా తమ పాత్ర తమ ఒక్కరికే ఉండాలనిపిస్తే ఈ బేస్ వద్దు. ఇంకో చిక్కు: బొమ్మను కాపీ చేయకుండా అడ్డుకునే డిజిటల్ తాళాలను ఆ లైసెన్స్ ఒప్పుకోదు, కాబట్టి ఏ స్టోర్‌లో పెడుతున్నామో చూసుకోవాలి. ఆ షరతు తీసేసి ఓపెన్‌గేమ్‌ఆర్ట్ వాళ్లు రూపొందించిన ఓజీఏ బై అనే లైసెన్స్ కింద కూడా కొన్ని భాగాలు దొరుకుతాయి.

పేర్ల విషయంలో జనరేటర్ పెద్ద సాయం. ఎంచుకున్న ప్రతి ముక్కనూ ఎవరు గీశారో, ఏ లైసెన్సో జాబితాగా ఇస్తుంది. పాత్ర మొదలుపెట్టిన రోజే దాన్ని స్ప్రైట్ ఫైలు పక్కన పెట్టుకోవాలి, తర్వాత ఏ చొక్కా ఎవరిదో వెతకడం చాలా కష్టం.

పై నుంచి ఏటవాలుగా చూసే కథల ఆటలకు, మనుషులు ఎక్కువగా ఉండే ఊళ్లకు ఈ జోడీని నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. పక్క నుంచి చూసే, దూకే ఆటలకు ఈ బేస్ పనికిరాదు, దాని పాదాలు, భుజాలు ఆ ఏటవాలు చూపుకే గీసినవి. అలాంటి ఆటకు ఆట బొమ్మలు తయారుచేసే కెన్నీ, సీసీ జీరో అనే లైసెన్స్ కింద విడుదల చేసిన బొమ్మలతో మొదలుపెట్టొచ్చు. వాటికి పేరు చెప్పాల్సిన షరతు కూడా లేదు, ఆకారాలు మరీ సాదాగా ఉంటాయి కాబట్టి మార్చడానికి చోటు బోలెడు.