బ్యాంకాక్‌లో బస నది దగ్గర చూసుకోండి

బ్యాంకాక్ వెళ్తున్నామని ఎవరైనా అంటే నేను మొదట అడిగేది బస గురించే. సాయంత్రమైతే ఆ ఊరి రోడ్ల మీద కారు కదలదు. పగలంతా ఎండలో తిరిగి, మళ్లీ టాక్సీలో గంటసేపు ఇరుక్కుంటే ఎంత మంచి హోటలైనా సుఖమనిపించదు. సఫాన్ తక్సిన్ స్టేషన్ పరిసరాల్లో గది తీసుకుంటే పైన స్కైట్రైన్ (వంతెనల మీద నడిచే నగర రైలు), పక్కనే చావో ఫ్రయా నది రేవు. ఖావో సాన్ వీధిలో గదులు చౌకే, కుర్రకారుకు సందడీ ఎక్కువే. పెద్దవాళ్లతో, పిల్లలతో వెళ్తే మాత్రం అర్ధరాత్రి దాటినా ఆగని ఆ పాటల హోరులో కన్ను మూతపడదు.

నగరంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ నది మీద తిరిగే నారింజ జెండా పడవ. పర్యాటకుల పడవ కంటే బాగా చౌక. స్థానికులతో కిటకిటలాడుతుంది. టికెట్లిచ్చే ఆమె పొడవాటి రేకు గొట్టంలో చిల్లర గలగలలాడిస్తూ జనం మధ్య నుంచి వస్తుంది. రేవు దగ్గరపడగానే వెనక నిలబడ్డ మనిషి ఈల వేస్తాడు, ఆ ఈలలను బట్టే నడిపేవాడు పడవను ఒడ్డుకు ఆనిస్తాడు. ఎక్కడం, దిగడం క్షణాల్లో జరిగిపోవాలి. బౌద్ధ భిక్షువులకు కేటాయించిన చోట నిలబడకండి. చీకటి పడ్డాక ఈ పడవలను నమ్ముకోవద్దు.

రాజప్రాసాదానికి కూడా ఆ పడవలోనే వెళ్లవచ్చు. థాయ్ రాజు మొదటి రామ 1782లో కట్టించడం మొదలుపెట్టిన కోట ఇది. టికెట్టు 500 బాత్‌లు. తక్కువేమీ కాదు, కానీ లోపలున్న మరకత బుద్ధుడి ఆలయం చుట్టూ ఉన్న వసారా గోడలకే ఆ డబ్బు చెల్లు. థాయ్‌ల రామాయణమైన రామకియన్ అంతా అక్కడ 178 చిత్రాల్లో ఉంది. మైరావణుడి కథలో మన హనుమ తోకతో కోట కడతాడు. ఇక్కడి హనుమ కొండంత పెరిగి రాముడి విడిదినే నోట పెట్టుకుని కాపలా కాస్తాడు! ఆ గోడ దగ్గర నుంచి నాకు కదలబుద్ధి కాలేదు. గుంపులుగా వచ్చేవారు అటు చూడకుండానే వెళ్లిపోతుంటే ప్రాణం ఉసూరుమంది.

భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. బయట ఎవరైనా ‘ఈరోజు మూసేశారు, వేరే గుడి చూపిస్తా’ అంటే నమ్మకండి, వాళ్లు ఎక్కించే టుక్‌టుక్ (ఆటో) చివరికి ఆగేది నగల దుకాణం ముందే. 46 మీటర్ల శయన బుద్ధుడున్న వాట్ ఫో ఆలయం నడకదూరంలోనే ఉంది.

శాకాహారులకు భోజనం నిజంగా ఇబ్బందే. ఉత్త కూరగాయల వేపుడులోనూ చేపల సాస్ పడుతుంది, బొప్పాయి సలాడ్‌లో ఎండు రొయ్యలుంటాయి. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలున్న దుకాణం చూసుకుని ‘జే’ (శుద్ధ శాకాహారం) అని అడగండి. మాంసం, చేప, గుడ్డే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. మన రుచులకు మొహం వాచితే పహురత్ వీధుల్లో భారతీయ భోజనం దొరుకుతుంది.

వాన పడితే కొందరు టాక్సీవాళ్లు మీటరు వేయడానికి ఒప్పుకోరు, అలాంటప్పుడు ఇంకో బండి చూసుకోవడమే మేలు. సువర్ణభూమి విమానాశ్రయం నుంచి ఫయా థాయ్ స్టేషన్ వరకు రైలుంది. పెట్టెలు ఎక్కువ లేకపోతే అందులో వచ్చి, అక్కడే స్కైట్రైన్‌కు మారిపోవచ్చు.